ఒక్కో స్వరాన్నీ విడిగా నార్మలైజ్ చేయకండి

ఉచితంగా దొరికే ఆర్కెస్ట్రా రికార్డింగుల నుంచి శాంప్లర్ వాద్యం, అంటే కీ నొక్కితే రికార్డు చేసిన స్వరాలు (శాంపిళ్లు) మోగే కంప్యూటర్ వాద్యం, కట్టేవాళ్లలో చాలామంది మొదటి పది నిమిషాల్లోనే ఒక పని చేస్తారు. ఫైళ్లన్నీ దించుకుని, అన్నిటినీ ఒకేసారి ఎంచుకుని, పీక్ మైనస్ 1 డెసిబెల్ దగ్గర పెట్టి నార్మలైజ్ కొట్టేస్తారు, అంటే ప్రతి ఫైల్లోనూ అల అన్నిటికంటే ఎత్తైన చోటు (పీక్) ఆ హద్దుకి చేరేలా శబ్దాన్ని మారుస్తారు. తెర మీద అలలన్నీ ఒకే ఎత్తుకు వచ్చి చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. వాద్యం చెడేది సరిగ్గా అక్కడే అని నేనంటాను.

ఫ్లూట్‌లో కింది స్వరాలు పలచగా, పైవి గట్టిగా మోగుతాయి. ఓబో అట్టడుగు స్వరాన్ని ఎంత మెల్లగా ఊదుదామన్నా అంత మెల్లగా రాదు. ట్రంపెట్‌ని గట్టిగా ఊదితే వచ్చేది శబ్దంలో పెరుగుదల ఒక్కటే కాదు, నాదమే పదునెక్కుతుంది. చెవి ఒక వాద్యాన్ని పోల్చుకోవడానికి విడి స్వరపు నాదం ఎంత పనికొస్తుందో, పక్క స్వరానికి వెళ్లేటప్పుడు వచ్చే తేడా కూడా అంతే పనికొస్తుంది. రికార్డింగులో ఆ తేడా ఉంది. నార్మలైజ్ చేసి ఫైలు సేవ్ చేశాక అది పోయింది, ఆ ఫైల్లోంచి మళ్లీ రాదు. వాల్యూమే కాదు, శ్రుతి, స్వరం మొదలయ్యే క్షణం, వైబ్రాటో (స్వరం ఊగడం) వేగం, చివర్లో గది మోత, అన్నిటి సంగతీ ఇంతే. శాంప్లర్ కట్టేటప్పుడు ప్రతి పనికీ ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ‘ఈ శాంపిల్ బాగుందా’ అని కాదు, ‘పక్కదానితో దీని పొత్తు నిలిచిందా’ అని. ఇకపై చెప్పేదంతా ఆ ప్రశ్న చుట్టూనే.

ముడిసరుకు ఎక్కడిది, దానితో ఏం చేయొచ్చు

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం ఎలక్ట్రానిక్ మ్యూజిక్ స్టూడియోస్ వాళ్లు 1997 నుంచీ తమ వాద్య రికార్డింగులను ఎవరైనా దేనికైనా వాడుకునేలా ఉంచుతున్నారు. ఎక్కువ భాగం ప్రతిధ్వని లేని గదిలో చేసినవి. పీపీ (బాగా మెల్లగా), ఎంఎఫ్ (ఓ మోస్తరు గట్టిగా), ఎఫ్ఎఫ్ (బాగా గట్టిగా) అని మూడు బలాల్లో ఉంటాయి. తీగ వాద్యాలకైతే ఏ తీగ మీద వాయించారో కూడా విడివిడిగా ఇచ్చారు. వెర్సిలియన్ స్టూడియోస్ వాళ్ల ఛాంబర్ ఆర్కెస్ట్రా 2 కమ్యూనిటీ ఎడిషన్ సీసీ0 కింద ఉంది, అంటే హక్కులన్నీ వదులుకున్నట్టే. లండన్ ఫిల్‌హార్మోనియా ఆర్కెస్ట్రా శాంపిళ్లు ఎంపీ3లుగా, విడి స్వరాలుగా, రకరకాల నిడివుల్లో దొరుకుతాయి.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ఫిల్‌హార్మోనియా శాంపిళ్లను సంగీతంలో వాడుకోవచ్చు, ఆ సంగీతాన్ని అమ్ముకోవచ్చు కూడా. కానీ వాటిని శాంపిళ్లుగా గానీ శాంప్లర్ వాద్యంగా గానీ యథాతథంగా అమ్మకూడదు, పంచకూడదు అని వాళ్ల షరతులో స్పష్టంగా ఉంది. అంటే వాటితో కట్టిన వాద్యం మీ కంప్యూటర్ దాటకూడదు. నలుగురికీ ఇవ్వాలనుకుంటే మొదటి రోజే అయోవా వైపో సీసీ0 వైపో వెళ్లండి. సగం వాద్యం కట్టాక హక్కుల సంగతి గుర్తొస్తే ఆ సగం స్వరాలు పీకేయాలి, పీకేసిన చోట మరో గదిలో, మరో మైకుతో, మరో వాద్యం మీద చేసిన స్వరాలు అతకాలి. అతుకు ఎప్పుడూ వినబడుతుంది. సొనాటినా సింఫొనిక్ ఆర్కెస్ట్రా లాంటి పాత సేకరణల మీద ఉన్న ‘శాంప్లింగ్ ప్లస్’ లైసెన్సును క్రియేటివ్ కామన్స్ 2011లో విరమించుకుంది. అది ఇప్పటికే ఇచ్చినవాటికి చెల్లుతుంది గానీ, సీసీ0తో కలిపి పంచే ముందు షరతులు చదవాలి. ఏ ఫైలు ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ తేదీన, ఏ షరతుతో వచ్చిందో ఒక టెక్స్ట్ ఫైల్లో రాసి అదే ఫోల్డర్లో పెట్టండి.

ఎంపీ3తో ఇంకో చిక్కు. ఎన్‌కోడర్ మొదట్లో కొంత ఖాళీని చేరుస్తుంది. లేమ్ ఎన్‌కోడర్‌ విషయంలో ఎన్‌కోడింగ్, డీకోడింగ్ కలిపి 1105 శాంపిళ్లు (ఇలాంటి లెక్కల్లో శాంపిల్ అంటే ఆడియో ఫైల్లోని ఒక్కో కొలత బిందువు), 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 25 మిల్లీసెకన్లు. కొన్ని డీకోడర్లు దాన్ని తీసేస్తాయి, కొన్ని తీయవు. ఒకే వాద్యంలో సగం ఫైళ్లను ఒక ప్రోగ్రాంతో, సగం మరోదానితో వావ్‌గా మారిస్తే సగం స్వరాలు 25 మిల్లీసెకన్లు ఆలస్యంగా పలుకుతాయి. అన్నిటినీ ఒకే పనిముట్టుతో ఒకేసారి మార్చాలి. మార్చాక మళ్లీ ఎంపీ3గా సేవ్ చేయకూడదు.

విడగొట్టడం

అయోవా పాత ఫైళ్లలో ఒక్కోదానిలో వరస స్వరాలు ఉంటాయి. ఫైలు పేరులోనే ఏ స్వరం నుంచి ఏ స్వరం దాకా అన్నది ఉంటుంది. బి3 నుంచి బి4 దాకా అంటే రెండు చివరలతో కలిపి 13 స్వరాలు. ఆడాసిటీలో ‘లేబుల్ సౌండ్స్’ నిశ్శబ్దాన్ని బట్టి ఒక్కో స్వరానికి లేబుల్ పెడుతుంది. పాత వెర్షన్లలో దీనికి దగ్గరి పనిముట్టు ‘సౌండ్ ఫైండర్’. ఎఫ్ఎఫ్ ఫైళ్లకు మైనస్ 40 డెసిబెళ్ల హద్దు సరిపోతుంది. పీపీ ఫైళ్లకు అదే హద్దు పెడితే స్వరం ఇంకా మోగుతుండగానే తోక తెగిపోతుంది. అక్కడ మైనస్ 55, మైనస్ 60 దాకా దిగాలి. నిశ్శబ్దం కనీసం అర సెకను ఉండాలని చెప్పండి.

లేబుళ్లు వచ్చాక లెక్కపెట్టండి. 13 రావాల్సిన చోట 14 వచ్చిందంటే మధ్యలో కుర్చీ కిర్రుమని ఉంటుంది, లేదా వాయించినవాళ్లు ఒక స్వరం రెండుసార్లు వాయించి ఉంటారు. 12 వచ్చిందంటే రెండు స్వరాలు ఒకే లేబుల్లో ఇరుక్కున్నాయి. ఈ లెక్క చూసుకోకుండా వరసగా పేర్లు పెట్టుకుంటూ పోతే ఒక్క తప్పుతో అక్కణ్నుంచి పైదంతా ఒక అరస్వరం జరుగుతుంది.

పేర్ల దగ్గర మరో గొడవ స్థాయి (ఆక్టేవ్) సంఖ్యది. ఎస్‌ఎఫ్‌జెడ్‌లో (ఏ కీకి ఏ ఫైలు మోగాలో రాసే టెక్స్ట్ పద్ధతి ఇది) మిడి 60వ కీ అంటే సి4. కొన్ని కంపెనీల కీబోర్డులూ ప్రోగ్రాములూ దాన్నే సి3 అంటాయి. దీనికి తోడు బి-ఫ్లాట్ క్లారినెట్, ఎఫ్ హార్న్ లాంటి వాద్యాల్లో కాగితం మీద రాసే స్వరం వేరు, మోగేది వేరు. పికొలో ఒక స్థాయి, గ్లాకెన్‌స్పీల్ రెండు స్థాయిలు రాసినదానికంటే పైన మోగుతాయి. డబుల్ బేస్ ఒక స్థాయి కింద మోగుతుంది. ఫైలు పేరును నమ్మకుండా వాద్యానికొక స్వరం ట్యూనర్లో చూడండి. ఎ4 అని రాసి ఉంటే 440 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండాలి.

ఫైలు ముట్టుకోకండి, టెక్స్టులో రాయండి

నేను ఎస్‌ఎఫ్‌జెడ్‌ వైపే మొగ్గుతాను. అది ఉత్త టెక్స్ట్ ఫైలు. సఫోర్జాండో, ఎస్‌ఫిజ్, లైనక్స్‌శాంప్లర్ మూడూ దాన్ని చదువుతాయి. ఎస్‌ఎఫ్2 సౌండ్‌ఫాంట్ శాంపిళ్లను తన కడుపులోనే దాచుకుంటుంది, అది పంచడానికి తేలిక గానీ దిద్దడానికి కాదు. డీసెంట్ శాంప్లర్ కూడా టెక్స్ట్ ఆధారితమే, తెర మీద బటన్లు కావాలంటే అది మంచిది. ఆప్‌కోడ్ పేర్లు, అంటే ఎస్‌ఎఫ్‌జెడ్‌లో రాసే ఆదేశాల పేర్లు, ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. ఫైల్లో అవి చిన్న ఇంగ్లీషు అక్షరాలతో, పదాల మధ్య అండర్‌స్కోర్‌తో ఉంటాయి.

ఒక్క రీజియన్‌ని (ఒక శాంపిల్‌కి చెందిన ఆదేశాల ముక్క) దగ్గరగా చూద్దాం. శాంపిల్: ఫ్లూట్ ఎంఎఫ్ ఎ4 వావ్. పిచ్ కీసెంటర్ 69. లోకీ 68, హైకీ 70. ట్యూన్ మైనస్ 6. వాల్యూమ్ 1.5. ఆఫ్‌సెట్ 2205. అంటే ఈ ఫైలు మూడు కీలకు పలుకుతుంది, దాని సొంత శ్రుతి 69వ కీ, 6 సెంట్లు (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) తగ్గించి, ఒకటిన్నర డెసిబెల్ పెంచి, మొదటి 50 మిల్లీసెకన్లు దాటవేసి మోగిస్తుంది. వావ్ ఫైలు మాత్రం దించుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. రేపు 6 సెంట్లు ఎక్కువైందనిపిస్తే ఒక అంకె మారుస్తారు, అంతే. అదే పని ఆడియో ఎడిటర్లో చేసి సేవ్ చేసి ఉంటే మళ్లీ మొదటికి రావాలి.

వాల్యూమ్

ఒక బలానికి చెందిన స్వరాలన్నిటికీ కలిపి ఒకే గెయిన్ (శబ్దం పెంపు) ఇవ్వండి. ఎఫ్ఎఫ్ స్వరాల్లో అన్నిటికంటే ఎత్తైన పీక్ ఎక్కడుందో చూసి, దాన్ని మైనస్ 1కి తెచ్చే గెయిన్ ఎంతో ఆ మొత్తాన్నే ఎఫ్ఎఫ్ స్వరాలన్నిటికీ కలపాలి. తర్వాత ప్రతి స్వరపు నిలకడ భాగంలో, అంటే అటాక్ (స్వరం మొదలయ్యే భాగం) దాటాక ఒక సెకను మేర, ఆర్‌ఎంఎస్ (ఒక రకం సగటు శబ్ద బలం) కొలిచి వరసగా రాసుకోండి. పీక్ కొలిస్తే ఉపయోగం లేదు. విల్లు తీగను కరిచిన ఒక్క క్షణం పీక్‌ని ఎత్తేస్తుంది, చెవికి మాత్రం ఆ స్వరం పెద్దగా అనిపించదు.

ఆ అంకెలు ఒక వంపుగా సాగుతాయి. వంపు వాద్యానిది. వంపు నుంచి ఎగిరిపడే స్వరం ఆ రోజు వాయించిన పద్ధతిది. ఇరుపక్కల స్వరాల సగటు నుంచి 3 డెసిబెళ్లకు పైగా తప్పిన స్వరాన్ని మాత్రమే వాల్యూమ్ ఆప్‌కోడ్‌తో లాగాలి, అది కూడా సగం దూరమే. 1.8 డెసిబెళ్ల తేడాని వదిలేయండి. మనిషి వాయిస్తే అంత తేడా ఉంటుంది.

బలాల మధ్య తేడా కొంచెం చిక్కైన విషయం. రికార్డు చేసినవాళ్లు పీపీకి మైకు గెయిన్ పెంచి, ఎఫ్ఎఫ్‌కి తగ్గించి ఉంటే అసలు నిష్పత్తి ఫైళ్లలో లేనట్టే. దాన్ని పట్టుకునే ఉపాయం ఉంది. స్వరానికి ముందున్న నిశ్శబ్దంలో అర సెకను ఎంచుకుని ఆర్‌ఎంఎస్ చూడండి. గదీ మైకూ ఒకటే అయినప్పుడు హోరు రెండు ఫైళ్లలోనూ ఒకేలా ఉండాలి. ఎఫ్ఎఫ్‌లో మైనస్ 72, పీపీలో మైనస్ 60 కనబడితే పీపీని దాదాపు 12 డెసిబెళ్లు పెంచి రికార్డు చేశారన్నమాట. పీపీ పొరని 12 తగ్గిస్తే నిష్పత్తి తిరిగొస్తుంది. నిశ్శబ్దాన్ని కత్తిరించేసిన ఫైళ్లలోనూ, నాయిస్ గేట్ వేసినవాటిలోనూ ఇది పనిచేయదు. అక్కడ చెవే గతి.

ఇదే లెక్క పీపీని విడిగా నార్మలైజ్ చేస్తే ఏమవుతుందో కూడా చెబుతుంది. స్వరంతో పాటు హోరు కూడా 20, 25 డెసిబెళ్లు పైకొస్తుంది. ఒక్క స్వరం వింటే తెలియదు. 8 స్వరాలు కలిపి మోగిస్తే హోరు ఇంకో 9 డెసిబెళ్లు పెరుగుతుంది, స్వరాలు ఆగినప్పుడల్లా టక్కున తెగుతుంది. ఆ తెగడమే చెవికి గుచ్చుకుంటుంది. నాయిస్ రిడక్షన్ వేయాల్సొస్తే 6 డెసిబెళ్లకు మించకండి. అంతకు మించితే నాదం నీళ్లలో మోగినట్టవుతుంది, ఊపిరి చప్పుడూ విల్లు గరగరా పోయి ఫ్లూట్, వయొలిన్ రెండూ ఆర్గన్‌లా తయారవుతాయి.

ఎస్‌ఎఫ్‌జెడ్‌లో ఇంకో ఉచ్చు ఉంది. యాంప్ వెల్‌ట్రాక్ విలువ ఏమీ రాయకపోతే 100. ఆ లెక్కన వెలాసిటీ (కీని ఎంత బలంగా నొక్కారో చెప్పే అంకె, 127 దాకా ఉంటుంది) 64 దగ్గర శబ్దం సుమారు 12 డెసిబెళ్లు తగ్గుతుంది. మీ పీపీ పొర ఇప్పటికే మెల్లగా ఉంది, దాని మీద ఈ తగ్గింపు కూడా పడితే రెండుసార్లు తగ్గించినట్టు. పొరల మధ్య అసలు నిష్పత్తి ఉంచుకున్నవాళ్లు ఈ విలువను 30 దగ్గరికి దించాలి.

శ్రుతి

శ్రుతిని స్వరపు నిలకడ భాగంలో కొలవాలి. వైబ్రాటో ఉంటే పూర్తి ఊగులు నాలుగైదు తీసుకుని మధ్యస్థ విలువ చూడాలి. పిజికాటోలో (విల్లు లేకుండా తీగను వేలితో మీటడం) తీగ లాగిన క్షణంలో శ్రుతి కాస్త పైన ఉండి తర్వాత దిగుతుంది, కాబట్టి మొదటి 50 మిల్లీసెకన్లు లెక్కలోకి రాకూడదు. డబుల్ బేస్, బసూన్‌ల కింది స్వరాల్లో మూల ధ్వని బలహీనం, కొలిచే ప్రోగ్రాం ఒక స్థాయి పైన చూపించొచ్చు. 12 సెంట్లు తేడా అని చెబితే నమ్మొచ్చు. 1212 అని చెబితే ప్రోగ్రాంది తప్పు.

అంకెలన్నీ వచ్చాక ముందు సగటు చూడండి. స్వరాలన్నీ కలిపి సుమారు 8 సెంట్లు పైన ఉంటే వాద్యం ఎ=442కి శ్రుతి చేసుకుని ఉంటుంది. దాన్ని గ్లోబల్ విభాగంలో ఒకే ట్యూన్ మైనస్ 8తో సరిచేయాలి. ఆ తర్వాత మిగిలే తేడాల్లో 4 సెంట్ల లోపువి ముట్టుకోకండి. ప్రతి స్వరాన్నీ సున్నాకి బిగించిన ఉడ్‌విండ్స్ ఒకదానితో ఒకటి కలిపి మోగిస్తే సింథసైజర్‌లా అంటుకుపోతాయి. ఆర్కెస్ట్రా నిండుదనంలో ఈ చిన్న తేడాల పాలు చాలా ఉంది.

ఒకే స్వరపు రెండు పొరలను క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతుండగా మరోదాన్ని పెంచడం) చేయబోతుంటే మాత్రం ఈ ఉదారత పనికిరాదు. ఎ4 దగ్గర 5 సెంట్ల తేడా అంటే 1.27 హెర్ట్జ్. రెండు పొరలూ కలిసి మోగే చోట సెకనుకి ఒకసారికి పైగా ఉబ్బి తగ్గే అల వినబడుతుంది. పొరల మధ్య 2 సెంట్లకు మించి ఉండకూడదు. పొరలు రెండూ కలిసి 4 సెంట్లు పైనున్నా పరవాలేదు.

ఒక శాంపిల్‌ని ఎన్ని కీల మేర సాగదీయాలి? సోలో వాద్యానికి ఇటొక అరస్వరం అటొక అరస్వరం, అంతే. 3 అరస్వరాలు పైకి లాగితే వేగం 1.19 రెట్లవుతుంది. సెకనుకి 5.5 సార్లు ఊగే వైబ్రాటో 6.5కి పోతుంది. 3 కిందికి దింపితే 4.6కి పడిపోతుంది. ఎక్కే వరసలో వైబ్రాటో ఒక్కసారిగా నెమ్మదించి, మళ్లీ క్రమంగా వేగం పుంజుకుని, మళ్లీ నెమ్మదించడం విన్నారంటే కారణం ఇదే. టింపనీ, గంటల్లాంటివి 2 అరస్వరాలు ఓర్చుకుంటాయి.

స్వరం మొదలయ్యే క్షణం

విడగొట్టిన ఫైళ్లలో కొన్నిటికి ముందు 5 మిల్లీసెకన్ల ఖాళీ ఉంటుంది, కొన్నిటికి 80. వేగంగా వాయిస్తే చేయి సమంగానే ఉన్నా లయ కుంటుతుంది. స్వరం చెవికి అందే క్షణం అన్ని ఫైళ్లలోనూ మొదటి నుంచి ఒకే దూరంలో, 10 మిల్లీసెకన్ల దగ్గర, ఉండేలా ఆఫ్‌సెట్ పెట్టండి. మెల్లగా మొదలయ్యే తీగ వాద్యాలకు ఇంకా ఎక్కువ వదలాలి, ఎందుకంటే విల్లు తీగను పట్టుకునే ఆ గరగర కూడా స్వరంలో భాగమే. దాన్ని కోసేస్తే వయొలిన్ హార్మోనియం అవుతుంది. ఆఫ్‌సెట్‌తో అల మధ్యలో మొదలవుతుంది కాబట్టి టిక్ శబ్దం రావొచ్చు. యాంప్‌ఈజీ అటాక్ 0.003 పెడితే పోతుంది.

ఈ ఆఫ్‌సెట్‌తోనే లెగాటో (స్వరాల మధ్య తెంపు లేని వాయింపు) లాంటిది వస్తుంది. అవే శాంపిళ్లతో రెండో గ్రూపు రాసి, ట్రిగ్గర్ విలువ లెగాటో అని పెట్టి, ఆఫ్‌సెట్ 100 మిల్లీసెకన్ల దాకా పెంచి, అటాక్ 0.04 ఇవ్వండి. మొదటి గ్రూపుకి ట్రిగ్గర్ ఫస్ట్. పాత స్వరం ఆగేందుకు రెండు గ్రూపులకూ ఒకే గ్రూప్ సంఖ్య, అదే ఆఫ్ బై సంఖ్య ఇచ్చి, ఆఫ్ మోడ్ నార్మల్ చేయాలి. ఆఫ్ మోడ్ రాయడం మరిచిపోతే పాత స్వరం కొన్ని మిల్లీసెకన్లలో తెగుతుంది, లెగాటో కాస్తా తడబాటవుతుంది.

లూప్

కీ పట్టుకున్నంతసేపూ స్వరం సాగేలా ఫైల్లో ఒక భాగాన్ని మళ్లీ మళ్లీ మోగించడమే లూప్. ఇక్కడ ఓపిక ఎక్కువ కావాలి. వైబ్రాటో లేని స్వరానికి లూప్ పొడవు అల ఆవృత్తికి పూర్ణ గుణిజంగా ఉండాలి. సి4 అంటే 261.63 హెర్ట్జ్, 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక ఆవృత్తి 168.56 శాంపిళ్లు. ఒకే ఆవృత్తిని 169 శాంపిళ్లుగా లూప్ చేస్తే స్వరం లూప్‌లోకి వెళ్లగానే 4.5 సెంట్లు దిగుతుంది, పైగా నాదం బజర్‌లా చచ్చిపోతుంది. 100 ఆవృత్తులు తీసుకుంటే 16856 శాంపిళ్లు, తప్పు లెక్కలోకి రానంత చిన్నది. అయినా 0.4 సెకన్ల లూప్ చెవికి పట్టుబడుతుంది. రెండు సెకన్లు దాటించండి.

వైబ్రాటో ఉన్న స్వరంలో లూప్ మొదలూ చివరా వైబ్రాటో ఊగులో ఒకే చోట, ఒకే దిశలో ఉండాలి. రెండూ పైకి వెళ్తున్నప్పుడే, లేదా రెండూ దిగుతున్నప్పుడే. ఒకటి ఎక్కుతూ, ఒకటి దిగుతూ ఉంటే ఎంత క్రాస్‌ఫేడ్ వేసినా ఎక్కిళ్లు వస్తాయి. అలాగే ఆ రెండు చోట్ల శబ్ద బలం అర డెసిబెల్‌కి మించి తేడా ఉండకూడదు. వాయించేవాళ్ల ఊపిరి తగ్గుతున్న చోట లూప్ పెడితే స్వరం ప్రతి చుట్టులోనూ తగ్గి ఒక్కసారి లేస్తుంది.

క్రాస్‌ఫేడ్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం తప్పులు పోతాయి. లూప్ చివరి భాగం మాయమవుతుండగా, లూప్ మొదలుకి ముందున్న భాగం దాని మీదికి వస్తుంది. కాబట్టి లూప్ మొదలుకి ముందు క్రాస్‌ఫేడ్ పొడవంత మంచి నాదం ఉండాలి. అటాక్ అయిన వెంటనే లూప్ మొదలుపెట్టి 300 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ వేస్తే అటాక్ వచ్చి లూప్ చివర్లో కలుస్తుంది, చుట్టు తిరిగినప్పుడల్లా ‘తుప్’ అని వినబడుతుంది. వంపు ఎంపిక కూడా ముఖ్యం. సోలో స్వరంలో రెండు భాగాల అలలూ కలిసి నడుస్తాయి కాబట్టి సరళరేఖ క్రాస్‌ఫేడ్. అక్కడ ఈక్వల్ పవర్ (మధ్యలో రెండు భాగాలనీ కాస్త ఎత్తుగా ఉంచే వంపు) వేస్తే మధ్యలో 3 డెసిబెళ్ల ఉబ్బు వస్తుంది. పదిమంది వయొలిన్లు కలిసి వాయించిన రికార్డింగులో అలలకు పొంతన ఉండదు, అక్కడ ఈక్వల్ పవర్ కావాలి, సరళరేఖ వేస్తే 3 డెసిబెళ్ల గుంట పడుతుంది.

చివరగా లూప్ ఎండ్. ఎస్‌ఎఫ్‌జెడ్‌లో ఆ అంకె ఉన్న శాంపిల్ కూడా మోగుతుంది. ఎడిటర్లో ఎంపిక చివరి అంకె చాలాసార్లు తర్వాతి శాంపిల్‌ది. ఒకటి తీసేసి రాయండి. డ్రమ్ములు, సింబల్స్, పిజికాటోలకు లూప్ అక్కర్లేదు.

బలాల మధ్య దాటడం

ఊదే వాద్యాల్లోనూ విల్లు వాద్యాల్లోనూ స్వరం మొదలయ్యాక బలం మారుతుంది. కాబట్టి పొరల్ని వెలాసిటీకి కాకుండా మాడ్యులేషన్ వీల్‌కి, అంటే సీసీ1కి కట్టాలి. ఎక్స్‌ఫిన్, ఎక్స్‌ఫౌట్ ఆప్‌కోడ్లతో పీపీ నుంచి ఎంఎఫ్‌కి 40–55 మధ్య, ఎంఎఫ్ నుంచి ఎఫ్ఎఫ్‌కి 85–100 మధ్య దాటించండి. చాలామంది 0 నుంచి 127 దాకా పొడుగ్గా పరుస్తారు. అప్పుడు ఎక్కడ ఆపినా రెండు పొరలు కలిసి మోగుతుంటాయి, ఒక్క ఫ్లూట్ ఇద్దరు వాయించినట్టుంటుంది. ఇరుకైన దాటు కాస్త వినబడినా క్షణంలో అయిపోతుంది.

సోలో ఫ్లూట్, సోలో క్లారినెట్ లాంటివాటికి నేను ఇంకా ముందుకెళ్లి ఎంఎఫ్ పొర ఒక్కటే ఉంచి, సీసీ1తో లోపాస్ ఫిల్టర్ (పై పౌనఃపున్యాలను తగ్గించేది) తెరుచుకునేలా పెట్టడమే మేలంటాను. వైబ్రాటో ఉన్న రెండు రికార్డింగుల ఊగు ఎప్పటికీ కలవదు. ఫిల్టర్ పదునును తగ్గించగలదే తప్ప లేనిదాన్ని తేలేదు, కాబట్టి మొదలు పెట్టే పొర కాస్త పదునుదే కావాలి. ట్రంపెట్, ట్రాంబోన్‌లకు ఈ చిట్కా చాలదు, వాటి ఎఫ్ఎఫ్ వేరే జంతువు.

తీగలు, మలుపులు

అయోవా వయొలిన్‌లో ఒకే స్వరం రెండు మూడు తీగల మీద దొరుకుతుంది. మొదటి మ్యాపుకి జి3 నుంచి సి-షార్ప్ 4 దాకా జి తీగ, డి4 నుంచి జి-షార్ప్ 4 దాకా డి తీగ, ఎ4 నుంచి డి-షార్ప్ 5 దాకా ఎ తీగ, అక్కణ్నుంచి ఇ తీగ. వైబ్రాటో ఉన్న స్వరాల మధ్య విడి తీగ స్వరం వస్తే బోసిగా నిలబడిపోతుంది కాబట్టి డి4, ఎ4, ఇ5లను మాత్రం కింది తీగ మీద నొక్కి వాయించిన వాటిలోంచి తీసుకోండి.

మిగిలిన తీగల స్వరాలను పారేయొద్దు. ఒకే శాంపిల్ వెంటవెంటనే నాలుగుసార్లు మోగితే మిషన్ గన్‌లా ఉంటుంది, దానికి మందు రౌండ్ రాబిన్, అంటే వంతులవారీగా వేర్వేరు శాంపిళ్లు మోగించడం. పిజికాటోలో సీక్వెన్స్ లెంగ్త్ 3 పెట్టి, మొదటిది సొంత శాంపిల్, రెండోది అదే స్వరం పక్క తీగ మీదిది, మూడోది పక్క స్వరాన్ని ఒక అరస్వరం జరిపినది ఇవ్వండి. మూడింటినీ వాల్యూమ్‌లో ఒక డెసిబెల్ లోపు, మొదలయ్యే క్షణంలో 3 మిల్లీసెకన్ల లోపు కలపాలి. లేదంటే మిషన్ గన్ పోయి తబ్బిబ్బు వస్తుంది. సోలో శాంపిల్‌ని ఎనిమిదిసార్లు కాపీ చేసి సెక్షన్ అనుకోవడం మాత్రం కుదరదు. అలలు ఒకటే కాబట్టి దువ్వెనలా కొన్ని పౌనఃపున్యాలు తెగిపోయి డొల్లగా మోగుతుంది.

కీ వదిలాక స్వరం ఆగే తీరు, అంటే రిలీజ్ గురించి క్లుప్తంగా. ప్రతిధ్వని లేని గది రికార్డింగులకు యాంప్‌ఈజీ రిలీజ్ 0.15 నుంచి 0.3 చాలు, మిగతాది రివర్బ్ (తర్వాత చేర్చే ప్రతిధ్వని) చూసుకుంటుంది. గది మోత ఉన్న రికార్డింగుల్లో ప్రతి స్వరపు తోకనీ విడి ఫైలుగా కోసి, ట్రిగ్గర్ రిలీజ్‌తో మోగించి, ఎంతసేపు పట్టుకుంటే అంత తగ్గేలా ఆర్‌టీ డికే ఇవ్వండి. పొడి రికార్డింగులూ మోత ఉన్నవీ ఒకే వాద్యంలో కలపకండి.

కంప్యూటర్లో మెమరీ ఎంత కావాలన్నది తేలిక లెక్క. 24 బిట్, మోనో, 44.1 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకి 132 కిలోబైట్లు. 40 స్వరాలు, 3 పొరలు, ఒక్కోటి 6 సెకన్లు కలిపితే 95 మెగాబైట్లు. ఫ్లాక్‌గా మారిస్తే ఇంకా తగ్గుతుంది, సఫోర్జాండో, ఎస్‌ఫిజ్ రెండూ ఫ్లాక్‌ని చదువుతాయి.

పరీక్ష

క్రోమాటిక్ వరసని అట్టడుగు నుంచి పైదాకా, స్వరానికి ఒక సెకను చొప్పున, సీసీ1 విలువ 30, 70, 110 దగ్గర మూడుసార్లు మోగించండి. తర్వాత అదే వరసని వేగంగా. తర్వాత ఒక్కో స్వరాన్ని 20 సెకన్లు పట్టుకుని లూప్ వినండి, అది తప్పించుకోదగ్గ పని కాదు. పైన ఒక స్వరాన్ని శ్రుతిలా నిలబెట్టి కింద వరస వాయిస్తే తప్పిన సెంట్లు వెంటనే బయటపడతాయి. వింటున్నంతసేపూ తెర వైపు చూడకుండా, పక్కదానితో అతకని స్వరాల పేర్లు మాత్రం కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత టెక్స్ట్ ఫైలు తెరిచి, ఆ రీజియన్లలో ఒక్కో అంకె మార్చి, మళ్లీ వినండి. మూడు చుట్లు తిరిగేసరికి కాగితం దాదాపు ఖాళీ అవుతుంది. ఫ్లూట్ కింది సి మాత్రం ఆ కాగితం మీదికి ఎక్కకూడదు. అది పలచగా మోగాల్సిందే.